ఉగాది ముందు డీప్ క్లీనింగ్ చేయించాం, ఎలా ఉందంటే

హైదరాబాద్ శివారు కొంపల్లి వైపు ఫిబ్రవరి దాటాక పెద్దగా వాన ఉండదు, పక్క ప్లాట్లలో కట్టడాల దుమ్ము, ఖాళీ స్థలాల్లో సర్కారు తుమ్మ పూత, ఇంకేముంది, మా అత్తయ్యకీ చిన్నోడికీ పొద్దున లేస్తే తుమ్ములే తుమ్ములు. ఉగాదికి ఎప్పుడూ మేమే బూజులు దులుపుకునేవాళ్లం, ఈసారి యాప్‌లో డీప్ క్లీనింగ్ బుక్ చేశాం. పేరు ఎందుకులెండి.

కిచెన్, బాత్రూమ్‌లు మాత్రం అదరగొట్టారు. చిమ్నీ మీద జిడ్డు, ట్యాపుల మీద బోరు నీళ్ల తెల్ల మరకలు మొత్తం పోయాయి. కిటికీల దగ్గరే తేలిపోయారు. స్లైడింగ్ కిటికీ కింది సందులో దుమ్మూ పుప్పొడీ కలిసి పసుప్పచ్చగా అట్ట కట్టి ఉంటుంది కదా, దాన్ని తడపకుండా పొడి బ్రష్‌తో దులిపేశాడు ఆ అబ్బాయి, అదంతా ఎగిరి అప్పుడే తుడిచిన సోఫా మీద పడింది, అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పక్కింటికి వెళ్లిపోయారు. దోమల మెష్ విప్పి కడగమంటే ప్యాకేజీలో లేదన్నారు. మరి 'ఫుల్ హోమ్' అని ఎందుకు రాసుకున్నట్టు?

బుక్ చేసే ముందు వాక్యూమ్‌కి హెపా ఫిల్టర్, అంటే సన్నటి దుమ్మును కూడా పట్టేసే ఫిల్టర్, ఉందా అని అడగండి. అది 0.3 మైక్రాన్ల కణాల్నే 99.97 శాతం ఆపుతుంది, పుప్పొడి రేణువులు చాలావరకు 10 మైక్రాన్ల పైనే ఉంటాయి, కాబట్టి అవి తేలిగ్గా ఆగిపోతాయి. అటకలు, ఫ్యాన్లు ముందు, నేల ఆఖర్న చేయమనండి. ఏసీ ఫిల్టర్లు మీరే కడుక్కోండి, దానికి డబ్బులెందుకు? నా రేటింగ్ 5కి 3, ఆ మూడూ కిచెన్‌కే.