4జీ మాడెం బోర్డు: పర్లాకిమిడి పొలంలో వాడి చూశాక

సిమ్ వేస్తే మొబైల్ నెట్‌వర్క్ మీద మెసేజ్‌లు పంపే 4జీ మాడెం బోర్డు, ఏ7670సి మాడ్యూల్ ఉన్నది, ఆన్‌లైన్‌లో తెప్పించాను. ధర వెయ్యి, పన్నెండొందల మధ్య. పని చిన్నదే. మహేంద్రతనయ ఒడ్డున చిన్నాన్న పొలంలో త్రీఫేజ్ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు. అది రాగానే ఫోన్‌కి మెసేజ్ రావాలి, గంటకోసారి తొట్టిలో నీళ్లెంతున్నాయో చెప్పాలి. కరెంటు పోయినా పనిచెయ్యాలి కాబట్టి 2600 ఎంఏహెచ్ (మిల్లీఆంప్-అవర్) 18650 రీఛార్జి సెల్లు ఒకటి, పైన అరచేయంత సోలార్ పలక పెట్టాను. ఎండ ఉన్నన్నాళ్లూ బాగానే నడిచింది. ముసురు పట్టిందో లేదో చిన్నాన్న ఫోను: "ఏట్రా, నీ డబ్బా మళ్లీ పడుకుందేటి?"

అసలు సమస్యే అది పడుకోకపోవడం.

ఊరికే ఆన్‌లో వదిలేస్తే నా బోర్డు ఇరవై మిల్లీఆంపుల చుట్టూ తాగుతోంది, అంటే నిండు సెల్లు అయిదు రోజులు. స్లీప్ మోడ్‌కి, అంటే మాడెం కునుకు తీయడానికి, ఏటీ+సీఎస్‌సీఎల్‌కే=1 అనే ఆదేశం కొట్టి, దాన్ని నిద్రపుచ్చి లేపే డీటీఆర్ కాలుని (పిన్నుని) హైలో, అంటే వోల్టేజి ఉన్న స్థితిలో పెట్టాలి. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు అప్పుడు కూడా వస్తాయి. కానీ మనకి బోర్డు అమ్మిన మహానుభావుడు ఆ డీటీఆర్‌ని పిన్నుల వరసలో ఇవ్వలేదు, వెనక ఆవగింజంత ప్యాడ్ ఉంటే దానికి సన్న వైరు టంకం పెట్టుకోవాల్సి వచ్చింది. మిగతా దొంగలు వేరే ఉన్నారు: పగలూ రాత్రీ వెలిగే ఎర్ర ఎల్‌ఈడీ పీకేశాను, మాడెంకి ఆదేశాలిచ్చే పక్క కంట్రోలర్ బోర్డు మీద వోల్టేజి తగ్గించడానికి ఉన్న ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఖాళీగా కూర్చునే అయిదు మిల్లీఆంపులు మింగేస్తుంది కాబట్టి దాన్నీ మార్చేశాను. మాడ్యూల్‌కి 3.4 నుంచి 4.2 వోల్టులు చాలు, అందుకే సెల్లు నుంచి నేరుగా ఇచ్చి, అది ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు ఆదుకోవడానికి దగ్గర్లో ఒక పెద్ద కెపాసిటర్ పెట్టాను. ఇవన్నీ అయ్యాక మూడు మిల్లీఆంపులకి దిగింది.

కొలిచేవాళ్లకి ఒక మాట. మల్టీమీటర్‌ని మిల్లీఆంప్ రేంజిలో పెట్టకండి. మాడెం సిగ్నల్ కోసం ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజి మీటర్లోనే పడిపోయి మాడ్యూల్ రీస్టార్ట్ అయిపోతుంది, బోర్డు పాడనుకుంటారు. 10 ఆంపుల రేంజిలో పెట్టండి.

గంటకోసారే మెసేజ్ అయితే స్లీప్ ఎందుకు, పూర్తిగా ఆపేస్తే పోలేదా అంటారా? లెక్క చూడండి. ఆన్ చేసి, నెట్‌వర్క్ పట్టుకుని, మెసేజ్ పంపేసరికి నలభై సెకన్లు, సగటున వంద మిల్లీఆంపులు అనుకుంటే సారికి 1.1 ఎంఏహెచ్. మూడు మిల్లీఆంపుల స్లీప్ ఆ పాటి తాగడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. అంతకంటే తరచుగా పంపాలంటే స్లీప్ మేలు, గంటకోసారైతే ఆపేయడమే లాభం. నేను ఆపేస్తున్నాను, త్రీఫేజ్ వచ్చినప్పుడు మాత్రం కంట్రోలర్ దాన్ని లేపుతుంది. ఫోన్ చేసి మోటారు వేసే స్టార్టర్‌కి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, ఆపేసిన మాడెం మీ కాల్ ఎత్తదు కదా.

మా వైపు ఇంకో తలనొప్పి ఉంది. పర్లాకిమిడి ఒడిశా టెలికాం సర్కిల్, పక్కనే పాతపట్నం ఆంధ్రా సర్కిల్. ముందు ఆంధ్రా సిమ్ వేశాను. పొలంలో కాసేపు ఈ టవర్, కాసేపు ఆ టవర్. మారిన ప్రతిసారీ మాడెం లేచి మళ్లీ నమోదు చేసుకోవాలి, రోమింగ్‌లో ఉన్నప్పుడు సొంత నెట్‌వర్క్ కోసం మధ్యమధ్య వెతుక్కోవాలి. మనకి రోమింగ్ బిల్లు లేకపోవచ్చు గానీ బ్యాటరీకి ఉంది. ఒడిశా సిమ్ వేసి, ఏటీ+సీఓపీఎస్ ఆదేశంతో ఒకే నెట్‌వర్క్‌కి కట్టేశాక నెమ్మదించింది. యాంటెనాని పంపు షెడ్డు రేకు కింద నుంచి తీసి వెదురు గడకి కట్టాక సిగ్నల్ బలం చెప్పే సీఎస్‌క్యూ అంకె 9 నుంచి 17కి వెళ్లింది. సిగ్నల్ అందకపోతే మాడెం గొంతు పెంచుతుంది, 2జీలో అయితే ఏకంగా 2 వాట్ల దాకా, 4జీలో 0.2 వాట్లతో సరిపెడుతుంది. అందుకే 2జీకి జారకుండా 4జీకే పరిమితం చేశాను.

అమ్మకం పేజీలో పెద్దక్షరాలతో పీఎస్ఎం (పవర్ సేవింగ్ మోడ్, కరెంటు పొదుపు పద్ధతి) అని రాశారు, దానికి మాత్రం పడిపోకండి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వాళ్ల రిలీజ్ 12లో వచ్చిన ఆ సదుపాయం నెట్‌వర్క్ ఒప్పుకుంటేనే దక్కుతుంది. మాడెం ఓకే అన్నంత మాత్రాన నెట్‌వర్క్ ఓకే అన్నట్టు కాదు. నా సిమ్‌కైతే దక్కలేదు.

టంకం పెట్టడం వస్తే కొనండి, ధరకి తగ్గ సరుకే. రాకపోతే డీటీఆర్ పిన్ను బయటికిచ్చిన బోర్డు చూసుకోండి, ఓ రెండొందలు ఎక్కువైనా సరే. నా మార్కులు అయిదుకి మూడున్నర.