స్పోర్ట్స్ కారుకు లో-ప్రొఫైల్ ట్రాలీ జాక్: దించేటప్పుడు తెలిసే నాణ్యత

బండిని కింది నుంచి ఎత్తే, చక్రాల మీద దొర్లే ట్రాలీ జాక్ కొనేవారు సాధారణంగా రెండే అంకెలు చూస్తారు. అది ఎన్ని టన్నులు ఎత్తుతుంది, దాని తల ఎంత కిందికి వస్తుంది అన్నవే ఆ రెండు. తిరుపతిలో నా పాత బీఎండబ్ల్యూ జడ్4 కోసం కొన్న జాక్‌ను కొన్నేళ్లుగా వాడిన మీదట, ఏ పెట్టె మీదా ముద్రించని మూడో సంగతే నా మెప్పుకూ ఆ తరువాతి చిరాకుకూ మూలమైందని చెప్పవలసి వస్తోంది. ఎత్తిన బండిని ఆ జాక్ ఎలా దించుతుంది అన్నదే ఆ సంగతి.

నా కారు 2009 నుంచి 2016 వరకు తయారైన తరంలోది. గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చిన కారు కనుక, కంపెనీ దీనికి స్టెప్నీ గానీ జాక్ గానీ ఇవ్వలేదు. ఆ టైర్లు మన రోడ్ల మీద నడుముకు పనిచెప్పేంత గట్టిగా ఉంటాయి కాబట్టి వాటిని తీసేసి మామూలు టైర్లు వేయించాను. అంతకుముందే, నాకు అమ్మిన పెద్దమనిషి స్ప్రింగులు మార్పించి బండిని మరికాస్త నేలకు దించిపెట్టాడు. కరకంబాడి రోడ్డులోని స్పీడు బ్రేకర్లను ఆయన ఎలా దాటేవాడో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. టైరు దుకాణాల్లో ఉండే మామూలు ట్రాలీ జాక్ తల 130 మిల్లీమీటర్లకు పైనే ఆగిపోతుంది. అది దూరకపోయేసరికి కుర్రాళ్లు పక్కనున్న ప్లాస్టిక్ స్కర్టుకు జాక్ ఆనించబోతారు. సొంత జాక్ కొనడానికి ఆ దృశ్యం ఒక్కటి చాలు.

కొన్న కొత్తలో దీని దించుడు నన్ను నిజంగా ముచ్చటపరిచింది. పిడిని ఎడమ వైపుకు కొద్దిగా తిప్పితే, దాని చివరనున్న కీలు లోపలి మరను వదులు చేస్తుంది. మర వెనుక ఉక్కు గోళీ తన గూటి నుంచి రవ్వంత కదిలి, సిలిండరులోని నూనెను తిరిగి తొట్టిలోకి పోనిస్తుంది. చవక జాకుల్లో ఈ దారి ఒక్కసారిగా తెరుచుకుని బండి దభేలుమని పడుతుంది. దీనిలో మాత్రం పావు చుట్టుకూ అర చుట్టుకూ మధ్య ఎక్కడ ఆపితే అక్కడ దాని వేగం ఉండేది, ఒకటిన్నర టన్నుల బండి నూతిలోకి బొక్కెన దిగినట్టు నిదానంగా దిగేది. టైరు నేలను తాకే క్షణంలో ఆపి, చక్రం నట్లు ఒకసారి బిగించి, మళ్లీ వదలడం అలవాటైపోయింది.

నేలకు దగ్గరగా ఉండే కారుకు ఈ దించుడులో ఇంకో మెలిక ఉంది. నా కారు అంచు కింద జాక్ పెట్టడానికి నాలుగు ప్లాస్టిక్ దిమ్మెలు ఉన్నాయి. వాటి గుంటలో కూర్చునే రబ్బరు ముక్క మందం 25 మిల్లీమీటర్లు, జాక్ తల కనిష్ఠ ఎత్తు 80, రెండూ కలిపితే 105. దిమ్మెకూ నేలకూ మధ్య ఉన్నది సుమారు 110. లోపలికి దూర్చడానికి 5 మిల్లీమీటర్ల ఖాళీ చాలు గానీ, బయటికి తీయాలన్నా తల మళ్లీ అంత కిందికీ రావాలి. బండి బరువు తల మీద ఉన్నంతసేపు అదే నూనెను నెడుతుంది. టైర్లు నేలకు ఆనిన తరువాత ఆ చివరి కొద్దిపాటి దూరం జాక్ చేతిని కిందికి లాగవలసింది రెండు చిన్న స్ప్రింగులే. అవి బలహీనమైతే జాక్ కారు కిందే ఇరుక్కుంటుంది. ఈ జాక్ స్ప్రింగులు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. చలికాలం ఉదయాల్లో నూనె చిక్కబడి ఆ చివరి దూరం కాస్త ఆలస్యమవుతుందే తప్ప, బండిని ముందుకు నెట్టి జాక్‌ను బయటికి తీసుకోవలసిన అవసరం నాకు రాలేదు.

చిక్కంతా ఒక మే నెలలో మొదలైంది. ముందు బ్రేకు ప్యాడ్లు మార్చడానికి ఎడమవైపు ఎత్తి, ఎత్తిన బండి బరువును మోసే ఇనుప స్టాండు తెచ్చి కింద పెట్టబోతుండగా, టైరుకూ నేలకూ మధ్య సందు ఇందాకటి కంటే తగ్గినట్టు అనిపించింది. కళ్ల భ్రమ అనుకుని సందులో ఒక స్పానరు నిలువుగా పెట్టి చూశాను. కాసేపటికి టైరు ఆ స్పానరును నొక్కి పట్టింది. పిడి పూర్తిగా బిగించే ఉంది, నేల మీద ఒక్క నూనె చుక్క లేదు. ఎవరూ కారు కిందికి వెళ్లకముందే కనిపెట్టడం వల్ల గండం గడిచింది. అమ్మినవారికి రాస్తే, మార్చిచ్చే గడువు దాటిందని, విడి సీలు కిట్టు తాము అమ్మబోమని రెండు వాక్యాల్లో తేల్చేశారు. అంత బరువైన వస్తువును అమ్మి, పది రూపాయల రబ్బరు రింగు అమ్మకపోవడం ఎలాంటి వ్యాపారమో వారికే తెలియాలి.

రేణిగుంట రోడ్డులో లారీ జాకులు, జేసీబీ సిలిండర్లు బాగుచేసే ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి మేస్త్రీ నూనెను ఒక తెల్లటి మూతలో పోసి ఎండలో వంచి చూపించాడు. అడుగున సన్నటి మెరుపు కదిలింది. ‘సీలు బాగానే ఉండాది సార్, గోళీ కూర్చునే కాడ ఇనప రజను పడుండాది. ఇది ఫ్యాక్టరీలోనే సరిగ్గా కడగలా’ అన్నాడు. కోతలో రాలిన రజను తొట్టి అడుగున ఉండిపోయి, నూనెతో పాటు తిరిగి తిరిగి గోళీకీ గూటికీ మధ్య చేరిందన్నమాట. గోళీ పూర్తిగా ఆననప్పుడు నూనె బయటికి కారకుండా లోలోపలే తొట్టిలోకి జారుకుంటుంది. అందుకే నేల పొడిగా ఉంటూనే బండి దిగింది. ఆయన లోపలంతా కడిగి, గోళీని ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టి గూటిలో కూర్చోబెట్టి, 32 నంబరు హైడ్రాలిక్ ఆయిల్ పోసి, మర వదులు చేసి పిడి కొడుతూ లోపలి గాలి తీసేశాడు. కొందరు చేతికందిన బ్రేకు ఆయిల్‌ను జాకుల్లో పోసేస్తుంటారు. అది ఈ సీళ్లను ఉబ్బించి పాడుచేస్తుంది కాబట్టి ఆ పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి.

ఆ మరమ్మతు తరువాత జాక్ కుంగలేదు. అయితే పైన మెచ్చుకున్న ఆ మెత్తటి దించుడు అచ్చంగా మునుపటిలా తిరిగి రాలేదని కూడా రాయాలి. ఇప్పుడు అర చుట్టు దాటేవరకు కదలిక ఉండదు, దాటాక కాస్త తొందరపడుతుంది. రెండు చేతులతో పిడి పట్టుకుంటే అదుపులోనే ఉంటుంది గానీ, ఒక చేత్తో పిడి, మరో చేత్తో నట్లు చూసుకునే రోజులు పోయాయి.

నేల గురించి కూడా చెప్పాలి. మా పోర్టికోలో పరిచినవి కడప బండలు. జాక్ చేయి వంపుగా పైకి లేస్తుంది కనుక, ఎత్తుతున్నకొద్దీ జాక్ చక్రాలు కారు కిందికి కొద్దికొద్దిగా దొర్లాలి. బండల మధ్య సందులో ఇనుప చక్రం చిక్కుకుంటే జాక్ కదలదు, తల మీది రబ్బరు ముక్క పక్కకు ఈడ్చుకుపోతుంది, బోలుగా పరిచిన బండ అయితే పగులుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేస్తే చక్రాలు చక్కగా దొర్లుతాయి. కానీ ఉన్న ఖాళీ 5 మిల్లీమీటర్లే కాబట్టి, ముందుగా టైర్లను 25 మిల్లీమీటర్ల పలకల మీదికి ఎక్కించి, ఆ తరువాతే జాక్ కింద ప్లైవుడ్ వేయాలి. జాక్‌ను 80 మిల్లీమీటర్లదని కొన్నా పలకలు తప్పలేదంటే, అంత తక్కువ ఎత్తు కోసం పెట్టిన అదనపు డబ్బు గురించి నాకు ఇప్పుడు కొంత సందేహమే.

స్టాండ్ల విషయంలో నాకు సందేహం లేదు. 2020లో అమెరికాలో ఒక పెద్ద దుకాణాల సంస్థ, పళ్ల కడ్డీలో కొక్కెం జారి బండి పడే ప్రమాదముందని అటువంటి స్టాండ్లను లక్షల్లో వెనక్కి పిలిపించింది. అప్పటి నుంచి నేను అడ్డంగా లావుపాటి పిన్ను దూర్చే రకమే వాడుతున్నాను. జాక్ కుంగిన అనుభవం తరువాత, ఊడదీసిన చక్రాన్ని కూడా అంచు కింద పడుకోబెట్టకుండా పని మొదలుపెట్టను.

నాకు సొంత పోర్టికో, సమతలమైన నేల, ఆదివారం తీరిక ఉన్నాయి. పెద్ద పనులకు ఎలాగూ చెన్నై వెళ్తాను, ఇంట్లో చేసుకునేది బ్రేకులు, చక్రాలు, నూనె మార్పు వరకే. ఈ పరిస్థితుల్లో ఈ జాక్ నాకు సరిపోతోంది. అపార్ట్‌మెంటు వాలు నేల మీద కారు నిలిపేవారికి దీన్ని నేను సూచించలేను. భాకరాపేట ఘాట్‌లో టైరు పోతే ఆదుకుంటుందని కొనుక్కోవడమూ వృథా, ఇంత బరువు, పొడవు ఉన్న దాన్ని ఈ కారు డిక్కీలో మోసుకు తిరగలేం. దారికి పంక్చరు కిట్టు, గాలి పంపు పెట్టుకున్నాను. స్థలమూ, లక్షల్లో ఖర్చు పెట్టే ఉద్దేశమూ ఉంటే బండి మొత్తాన్ని ఒకేసారి ఎత్తే క్విక్‌జాక్ తరహా లిఫ్టు చూసుకోవడం మేలు కావచ్చు, నేను దాన్ని వాడలేదు. మళ్లీ ట్రాలీ జాకే కొనాల్సి వస్తే, నిండు బరువు ఎత్తి, కాసేపు అలాగే నిలిపి, నిదానంగా దించి చూడనిచ్చే దుకాణంలోనే కొంటాను. అలా చూడనిచ్చే దుకాణం తిరుపతిలో నాకింకా తగలలేదు కాబట్టి ప్రస్తుతానికి దీనితోనే సర్దుకుంటున్నాను.