బుల్లెట్టా, ఆర్‌ఎక్స్100 ఆ, యెజ్డీనా? హైదరాబాద్‌లో పాత బండి కొనేవాళ్లకి ఏది మేలు

పాత బండి చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు అడిగేది పికప్ ఎలా ఉంది, మైలేజ్ ఎంతిస్తుంది అని. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది: ఈ బండి పాడయ్యే ముందు చెబుతుందా, చెప్పకుండానే ఆగిపోతుందా? ముప్ఫై నలభై ఏళ్ల బండి ఏదైనా ఏదో ఒకరోజు మొరాయిస్తుంది. కొన్ని నెలల ముందు నుంచే మూలుగుతాయి. కొన్ని ఫ్లైఓవర్ మధ్యలో వెనక చక్రం పట్టేసేదాకా కిమ్మనవు. ఈ పోలికంతా ఆ తేడా చుట్టూనే.

బరిలో ఉన్నవి మూడు. మొదటిది కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350. 1955లో మద్రాసులో మొదలై 2010 దాకా దాదాపు అదే ఇంజన్: 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ. రెండోది యమహా ఆర్‌ఎక్స్100. 1985 చివర్లో వచ్చి 1996లో ఆగిపోయింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, 103 కిలోల బరువు. మూడోది మైసూరు ఐడియల్ జావా కంపెనీ తీసిన జావా, యెజ్డీ. ఒకే సిలిండర్, రెండు సైలెన్సర్లు, 250 సీసీ తరగతి. ఆ ఫ్యాక్టరీ కూడా 1996లోనే మూతపడింది. రాజ్‌దూత్ 350ని కావాలనే వదిలేశాం. అందులో రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు, ఖర్చు కూడా ఆ లెక్కనే. మొదటి పాత బండిగా దాన్ని ఎవరికీ చెప్పం.

ఆర్‌ఎక్స్100: నడిచినంతసేపూ హాయి

అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఈ మూడిట్లో సుఖంగా నడిచేది ఇదే. తేలిక, ఒక్క కిక్‌కి స్టార్ట్ అవుతుంది, బంజారాహిల్స్ ఎత్తు రోడ్లు మూడో గేర్లో ఎక్కేస్తుంది. పార్టులకీ కొదవలేదు. ఇబ్బందల్లా ఒకటే, ఈ ఇంజన్ సీజ్ అయ్యే (పిస్టన్ ఇరుక్కుని ఆగిపోయే) ముందు బాగానే నడుస్తుంది. ఒక్కోసారి ఎప్పటికన్నా బాగా నడుస్తుంది. పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అయినప్పుడు ఇలాంటి టూస్ట్రోక్ (పెట్రోల్‌తో పాటే ఆయిల్ కాల్చే ఇంజన్) చురుగ్గా పరిగెడుతుంది, అదే సమయంలో పిస్టన్ కాలిపోతుంటుంది.

దానికి మామూలు కారణం క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర్లుండే ఆయిల్ సీల్. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి, మాగ్నెట్ (కరెంట్ పుట్టించే చక్రం) వైపు నుంచి గాలి లోపలికి లాగుతుంది. గుర్తుపట్టే పద్ధతి సులువు. బండి వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలేస్తే రేసింగ్ (ఇంజన్ వేగం) వెంటనే దిగాలి. రెండు మూడు సెకన్లు పైనే వేలాడి మెల్లగా దిగుతోందంటే అనుమానించండి. మాగ్నెట్ కవర్ విప్పి, ఐడ్లింగ్‌లో ఉంచి, ప్లేటు వెనక్కి కాస్త కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టండి. ఇంజన్ శబ్దం మారితే సీల్ పోయినట్టే. (దగ్గర్లో స్పార్క్ ఉంటుంది, కొంచెమే కొట్టండి, సైలెన్సర్ మీద పడకుండా.) ఈ వైపు సీల్‌ని మాగ్నెట్ పుల్లర్ ఉంటే చాలావరకు ఇంజన్ రెండుగా విడదీయకుండానే మార్చొచ్చు. క్లచ్ వైపు సీల్ పోతే లక్షణం వేరు: గేర్ ఆయిల్ క్రాంకులోకి వెళ్లి కాలుతుంది, తెల్లపొగ ఎంతకీ ఆగదు, గేర్ ఆయిల్ మట్టం తగ్గిపోతూ ఉంటుంది. మెకానిక్ "రింగులు పోయాయి, బోర్ చేయించాలి" అంటే ముందు గేర్ ఆయిల్ కొలిచి చూపించమనండి. రింగులు మార్చినా ఆ పొగ తగ్గదు.

రెండో కారణం టూటీ ఆయిల్ (టూస్ట్రోక్ ఇంజన్‌ లోపల తడిపే ఆయిల్) పంపు. ఈ బండికి ఆయిల్‌ని దానంతటదే కలిపే ఆటోల్యూబ్ పంపు కంపెనీయే ఇచ్చింది. పంపు పాడైతే ఇంజన్ పోతుందన్న భయంతో ఊళ్లో చాలామంది మెకానిక్‌లు దాన్ని పీకేసి, పెట్రోల్లోనే ఆయిల్ కలుపుకోమంటారు. లీటరుకు 20 నుంచి 25 మిల్లీలీటర్లు కలిపితే సరిపోతుంది కూడా. కానీ బంకులో హడావిడిగా ట్యాంకు నింపించి ఆయిల్ మర్చిపోయేది ఒక్కసారే, ఇంజన్ పోయేదీ ఆ ఒక్కసారే. మా ఓటు పంపుకే. ఆయిల్ పైపు పారదర్శకంగా ఉండాలి, అందులో బుడగలు కనిపించకూడదు. ఆయిల్ ట్యాంకు ఎప్పుడైనా పూర్తిగా ఖాళీ అయితే పంపు మీదున్న బ్లీడ్ స్క్రూ విప్పి, బుడగలు ఆగి ధార శుభ్రంగా వచ్చేదాకా ఆయిల్ వదిలి, వాషర్‌తో సహా బిగించాలి. ఆ తర్వాతి ఒక ట్యాంకు పెట్రోల్లో లీటరుకు 20 మిల్లీలీటర్లు అదనంగా కలిపి నడపండి, భయం పోతుంది.

ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్ ఒకటి తోడైంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది. పాత జెట్‌తోనే (కార్బొరేటర్‌లో పెట్రోల్ వదిలే చిన్న రంధ్రం) నడుపుతుంటే ప్లగ్ చూసుకోవాలి. ఒకే వేగంలో మూడు నాలుగు కిలోమీటర్లు నడిపి, క్లచ్ పట్టి, ఇంజన్ అక్కడికక్కడే ఆపి ప్లగ్ విప్పండి. కాఫీపొడి రంగుంటే మంచిది, సున్నంలా తెల్లగా ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి, తడిగా నల్లగా ఉంటే తగ్గించండి. ఏప్రిల్, మే ఎండల్లో ఈ పరీక్ష ఇంకోసారి చేయడం మంచిది. రెండు మూడు వారాలు బండి తీయకపోతే ట్యాప్ కట్టేసి, కార్బొరేటర్ ఫ్లోట్ గిన్నెలోని పెట్రోల్ ఖాళీ చేసేయండి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. ఆ నీరు గిన్నె అడుగున చేరి పైలట్ జెట్‌ని మూసేస్తుంది. పాత రబ్బరు పైపుల్ని ఇథనాలే ఉబ్బిస్తుంది. ఈ జాగ్రత్త మూడు బండ్లకీ వర్తిస్తుంది.

కొనేటప్పుడు ఇంకో తలనొప్పి: ఆర్‌ఎక్స్135 ఇంజన్ వేసిన ఆర్‌ఎక్స్100లు, రెండు మూడు బండ్లు కలిపి ఒకటి చేసినవి. బాగున్న బండికి లక్ష దాటి అడగడం మామూలైపోయింది. అంత డబ్బుకి నంబర్లు కలవని బండి తెచ్చుకోకండి.

బుల్లెట్: అడుగడుగునా ఫిర్యాదే, అదే దాని మంచితనం

ఆయిల్ కారుతుంది, వాల్వులు తెరిచే ట్యాపెట్లు టకటకలాడతాయి, పోతుండగా నట్లు ఊడతాయి. అయినా రోడ్డు మధ్యలో ఒక్కసారిగా చచ్చిపోయేది తక్కువ. బిగ్ ఎండ్ (పిస్టన్ రాడ్ కింది బేరింగ్) పోతుంటే, ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు నుంచి "డబ్ డబ్" మని బరువైన నాక్ వారాల ముందే వినిపిస్తుంది. చెవి ఉన్నవాడికి టైం ఇస్తుంది.

ఇంట్లో నేర్చుకోగలిగిన పని ట్యాపెట్ సెట్టింగ్. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి, రాత్రంతా ఆగి పొద్దున్నే చేస్తే మేలు. సెంటర్ స్టాండ్ వేసి, ప్లగ్ విప్పి, నాలుగో గేర్లో వెనక చక్రం తిప్పుతూ పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోకు పైకొసకు తెండి. సిలిండర్ కింద కుడివైపు చిన్న మూత విప్పితే వాల్వుల్ని తోసే రెండు పుష్ రాడ్లు కనిపిస్తాయి. రాడ్‌ని రెండు వేళ్లతో పట్టి తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం అస్సలు ఆడకూడదు. ఫీలర్ గేజ్ అక్కర్లేదు, గ్యాప్ సున్నా. లాక్ నట్ బిగించాక మళ్లీ తిప్పి చూడండి, బిగింపులో సెట్టింగ్ జరిగిపోవడం మామూలు. శబ్దం రాకూడదని రాడ్‌ని టైట్ చేస్తే వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. బుల్లెట్‌కి కాస్త ట్యాపెట్ చప్పుడు ఉండటమే ఆరోగ్యం.

పాయింట్ల (స్పార్క్ కోసం కరెంట్ తెంచే చిన్న స్విచ్) గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఎక్కువమందిని ఏడిపించేది మాత్రం ఆ పాయింట్ల దగ్గర మెరుపుని అణిచే కండెన్సర్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి చక్కగా స్టార్ట్ అవుతుంది. పంజాగుట్ట జామ్‌లో ఇరవై నిమిషాలు నిలబడ్డాక చచ్చిపోతుంది, అరగంట ఆగితే మళ్లీ మామూలే. అందరూ కార్బొరేటర్ విప్పుతారు. అలా ఆగినప్పుడు పాయింట్ల కవర్ తీసి, ఇగ్నిషన్ వేసి, కిక్ నెమ్మదిగా తొక్కి చూడండి. పాయింట్ల మధ్య పెద్ద మెరుపు వస్తూ, అవి నల్లబడి ఉంటే కండెన్సరే. సీటు కింద ఒకటి అదనంగా పెట్టుకు తిరగండి.

నెలరోజులు నిలబెట్టిన బుల్లెట్‌లో ఆయిల్ మట్టం తగ్గినట్టు కనిపిస్తుంది. కంగారుపడి పోయకండి. పంపు సందుల్లోంచి ఆయిల్ క్రాంక్ కేసులోకి జారి ఉంటుంది. స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడిపితే తిరిగి ట్యాంకులోకి వస్తుంది, అప్పుడు చూసి పోయండి. ముందే పోస్తే మిగులు అంతా బ్రీదర్ పైపులోంచి వెనక టైరు మీదికి.

ఒక్క చోట మాత్రం బుల్లెట్ కూడా మోసం చేస్తుంది. టైమింగ్ కవర్ లోపల, క్రాంకుకి ఆయిల్ వెళ్లే చోట చిన్న కార్క్ సీల్ ఉంటుంది. కవర్ విప్పిన ప్రతిసారీ దాన్ని మార్చాలి. కొందరు పాతదే పెట్టేస్తారు, ఆయిల్ పక్కకి పోతుంది, బిగ్ ఎండ్ ఎండుతుంది. కవర్ విప్పే పని ఇస్తున్నప్పుడు కొత్త సీల్ మీరే కొని చేతికివ్వండి.

కిక్ విషయం. బలం కాదు, వరస తెలియాలి. ఇగ్నిషన్ వేసి కిక్ నెమ్మదిగా తొక్కుతూ అమ్మీటర్ (కరెంట్ చూపే మీటర్) ముల్లు చూడండి. కంప్రెషన్ దగ్గర గట్టిగా ఆగినప్పుడు డీకంప్రెసర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలే లీవర్) పట్టి ఇంకొంచెం తొక్కితే ముల్లు మధ్యకి వస్తుంది. అక్కడ డీకంప్రెసర్ వదిలి, కిక్ పైకి రానిచ్చి, ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. స్పార్క్ టైమింగ్ ముందుకి ఉన్న బండి ఎదురు తన్నుతుంది, చీలమండ జాగ్రత్త. పాత బుల్లెట్లలో గేర్ కుడికాలికి, బ్రేక్ ఎడమకాలికి ఉంటాయి. కొత్త బండ్లకి అలవాటుపడ్డ కాలు ఖంగారులో బ్రేక్ అనుకుని గేర్ తొక్కుతుంది. మొదటి వారం ఖాళీ రోడ్లలోనే తిప్పండి.

యెజ్డీ, జావా

యంత్రంగా చూస్తే మూడిట్లో సరదా బండి ఇదే. కిక్ రాడ్డే గేర్ లీవర్, గేర్ తొక్కితే క్లచ్ దానంతటదే కొంత విడుతుంది. ఆయిల్ పంపు లేదు, లీటరు పెట్రోల్‌కి 30 నుంచి 40 మిల్లీలీటర్లు కలపాల్సిందే. సీల్ కథలన్నీ ఆర్‌ఎక్స్100వే, పొగ ఇంకాస్త ఎక్కువ. రెండు సైలెన్సర్ల లోపలి గొట్టాలు మసితో మూసుకుపోయి బండి బరువెక్కుతుంది. చివరి నుంచి లాగి గీకితే సగం పికప్ తిరిగొస్తుంది. పాత 6 వోల్టుల డైనమో బండ్లలో సిటీ వేగానికి చార్జింగ్ చాలదు, రాత్రి హెడ్‌లైట్ మసకే.

అసలు చిక్కు పార్టులు కాదు, చేసేవాళ్లు. కొత్తగా 2018లో వచ్చిన జావా, 2022లో వచ్చిన యెజ్డీల సామాను దీనికి సరిపోదు. పాత మోడల్‌కి విడిగా తయారయ్యే పార్టులు దొరుకుతాయి గానీ, క్లచ్ ప్లేట్లు, సీళ్ల నాణ్యత ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఈ క్లచ్ సర్దడం తెలిసిన ఉస్తాదులు ఊళ్లో కొద్దిమందే మిగిలారు. మీకు అలాంటి ఒకరు ముందే తెలిసుంటే తప్ప దీన్ని ఒక్కగానొక్క బండిగా కొనకండి.

సామాను, కాగితాలు

బండి పార్టులకి పుత్లీబౌలీ, రాణీగంజ్. పాత పార్ట్ సంచిలో వేసుకుని వెళ్లండి, నోటితో చెబితే వేరేది అంటగడతారు. బేరింగులు మాత్రం "బుల్లెట్ బేరింగ్" అని అడగొద్దు. పాత బేరింగ్ మీద చెక్కిన నంబర్ చూసి బేరింగుల షాపులోనే కొనండి. క్రాంకుకైతే నంబర్ తర్వాత సీ3 (లోపల కాస్త వదులు ఎక్కువుండే రకం) గుర్తు ఉన్నదే అడగండి. మామూలుది వేస్తే ఇంజన్ వేడెక్కాక బిగుసుకుంటుంది. బోరు, లేత్ పనులకి బాలానగర్ వైపు. పిస్టన్ ముందు కొని చేతికిచ్చి, దాని కొలతకే సిలిండర్ బోరు చేయించాలి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో బ్యాడ్జీలు, మీటర్లు, మడ్‌గార్డుల వరకూ సరే, ఇంజన్ పార్టులు మాత్రం వద్దు.

15 ఏళ్లు దాటిన బండికి ఫారం 25తో ఆర్టీఏలో రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలి, అది ఐదేళ్లకోసారి. ఇంజన్ మార్చి ఉంటే ఆ నంబర్ ఆర్సీలో ఎక్కిందో లేదో చూడండి. పొల్యూషన్ పరీక్షలో 2000 మార్చికి ముందు బండ్లకి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్ 9000 పీపీఎం దాకా అనుమతి ఉంది. సర్దిన టూస్ట్రోక్ ఈ హద్దులో ఉంటుంది. 50 ఏళ్లు దాటినవాటికి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది గానీ, దాంతో రోజూ ఆఫీసుకి తిరగడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోల్ వరకే.

మరి ఏది?

రోజూ సిటీలో నడపాలి, రిపేర్ మెకానిక్ చూసుకుంటాడు అనేవాళ్లకి ఆర్‌ఎక్స్100, సీళ్లు కొన్న వారంలోనే మార్పించేసే షరతు మీద. పానా పట్టి నేర్చుకోవాలని ఉంటే బుల్లెట్టే. దాని తప్పులు చెవికి వినిపిస్తాయి, కంటికి కనిపిస్తాయి, మీ చేతికి అందే ఎత్తులో ఉంటాయి. ఆదివారం అనంతగిరి దాకా వెళ్లి రావడానికీ అదే సుఖం. యెజ్డీ రెండో బండిగా అయితే ముచ్చటైనది.

ఏది కొన్నా, చూడ్డానికి వెళ్లినప్పుడు మాట కలిపే ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే ఎవరో కిక్ కొట్టి సిద్ధం చేశారన్నమాట. పాత బండి రోగాలు ఎక్కువగా బయటపడేది చల్లటి ఇంజన్ మొదటి స్టార్టులో, ఆ మొదటి నిమిషం పొగలో. ఇంకోరోజు పొద్దున వస్తామని, అప్పటిదాకా బండి ముట్టొద్దని చెప్పి వచ్చేయండి.