అవశేషాల గుర్తింపునకు డీఎన్ఏ పరీక్ష: కోనసీమ తీరం నుంచి ఒక సమీక్ష

వేటకు వెళ్లి తిరిగిరాని మా పెద్దమ్మ కొడుకు ఆచూకీ కోసం, మడ చెట్ల మధ్య దొరికిన అస్థికలకు పోలీసుల ద్వారా డీఎన్ఏ పరీక్ష చేయించవలసి వచ్చింది. అదే దారి పట్టవలసిన కుటుంబాలు మన తీరంలో ఇంకా ఉంటాయి కనుక, ఆ సేవలో ఏది బాగుందో ఏది బాగోలేదో రాస్తున్నాను.

ప్రయోగశాల పని మెచ్చదగినది. ఉప్పునీటిలో, ఎండలో కండ త్వరగా చెడిపోతుంది. తొడ ఎముకలోనూ దవడ పళ్లలోనూ డీఎన్ఏ ఎక్కువకాలం నిలుస్తుంది. ఎముక పైపొరను గీకి శుభ్రం చేసి, పొడిగొట్టి, ఈడీటీఏ ద్రావణంలో కాల్షియాన్ని కరిగించి, దొరికిన కాస్త డీఎన్ఏను పీసీఆర్ అనే నకళ్లు తీసే పద్ధతిలో పెంచుతారు. పెదనాన్న లేరు కాబట్టి పెద్దమ్మతో పాటు వదిన నుంచి, పిల్లవాడి నుంచి కూడా నమూనాలు అడిగారు. రక్తసంబంధం లేని కోడలి నమూనా దేనికని ఊళ్లో చాలామంది వింతపడ్డారు. పిల్లవాడికి తల్లి నుంచి వచ్చిన డీఎన్ఏ గుర్తులను పక్కన పెడితే మిగిలేవి తండ్రివే, వాటినే ఎముకతో పోల్చాలి. కిళ్లీ అలవాటున్న పెద్దమ్మ చేత నోరు బాగా పుక్కిలింపజేసి, బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది, ఆరనిచ్చి, కాగితపు కవరులో పెట్టి లక్క సీలు వేసిన తీరు ముచ్చటగా ఉంది.

ఆసుపత్రి దగ్గర అంత శ్రద్ధ కనబడలేదు. ఎముక ముక్కను, అవయవాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ద్రావణంలో వేయబోతుంటే, అది డీఎన్ఏను పాడుచేస్తుందని వెంట వచ్చిన కానిస్టేబుల్ గుర్తుచేయవలసి వచ్చింది. నివేదిక నేరుగా దర్యాప్తు అధికారికి వెళ్తుంది. ఇంటివాళ్లకు ఒక ఫోను చేసే ఏర్పాటైనా లేదు. శవం తేలకపోతే చట్టం 7 ఏళ్లు ఆచూకీ లేనివారినే చనిపోయినట్టు భావిస్తుంది కాబట్టి, కర్మకాండకూ బీమాకూ ఈ కాగితమే ఆధారం.

అన్నిటికంటే పెద్ద లోటు వేరే ఉంది. ఈ పరీక్ష పోల్చగలదే కాని వెతకజాలదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగినప్పుడు ఎక్కినవారెవరో చాలావరకు తెలుసు కనుక, ఎవరి బంధువులను పిలవాలో తెలిసింది. ఒంటరిగా పడవ వేసుకుని వెళ్లినవాడు మరో జిల్లాలో ఒడ్డుకు కొట్టుకువస్తే, ఇతడు ఫలానావాడేమోనని ఎవరో ఒకరికి తట్టాలి. తప్పిపోయినవారికీ గుర్తుతెలియని మృతులకూ డీఎన్ఏ సూచికలు, అంటే పోల్చి చూసేందుకు నిల్వ ఉంచే డీఎన్ఏ వివరాల పట్టికలు, పెట్టాలన్న 2019 నాటి బిల్లును 2023లో కేంద్రం ఉపసంహరించుకుంది. అందువల్ల ఫిర్యాదు ఇచ్చేటప్పుడే, ఆ వివరాలను పక్క తీర జిల్లాల స్టేషన్లకు కూడా పంపించమని రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి.