మనవడి ఓనమాలు, మనవరాలి పట్టా, మధ్యలో ఆ ఎడారి రాత్రి

మొహావీ ఎడారిలో, బార్‌స్టోకి ఇంకా కాస్త దూరం ఉందనగా, ఒక ఆర్వీ పార్కు (పడక, వంటగది ఉన్న బండ్లు ఆపుకుని రాత్రి ఉండే చోటు) మా దగ్గర 84 డాలర్లు తీసుకుని పనికిరాని కరెంటు ఇచ్చింది. దాని మూలంగా మా మనవరాలు బడిలో బహుమతి అందుకున్న సాయంత్రం మేము అక్కడ లేకుండా పోయాం. రెండు నెలలైంది, నాకు ఇంకా కడుపులో మండుతూనే ఉంది. నాలాంటి అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ముందే తెలియాలని రాస్తున్నాను.

డాలస్ పక్కన 31 ఏళ్లుగా ఉంటున్నాం. మావారికి 69, నాకు 65, ఇద్దరం రిటైరయ్యాం. అబ్బాయి ఫీనిక్స్ దగ్గర చాండ్లర్‌లో, అమ్మాయి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో. ఈ వేసవిలో రెండు వారాల తేడాలో రెండు శుభకార్యాలు వచ్చాయి: అబ్బాయి కొడుక్కి అక్షరాభ్యాసం, అమ్మాయి కూతురికి హైస్కూల్ గ్రాడ్యుయేషన్. మావారికి మోకాలి ఆపరేషన్ అయింది, విమానం సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చోలేరు. నాకు షుగర్, వేళకి నా తిండి నాకు ఉండాలి. అన్నిటికీ మించి చోటు సమస్య. అబ్బాయి ఇంట్లో పడకగదులు మూడు. కోడలి అమ్మానాన్నలు విజయవాడ నుంచి ఆరు నెలలకని వచ్చి ఉన్నారు. మేము వెళ్లి వియ్యపురాలిగారి గది ఖాళీ చేయించడం నాకు ఇష్టం లేదు. మా పడక మేమే తీసుకెళ్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా అన్నాను. మావారికి ఎప్పటి నుంచో ఆర్వీ నడపాలని కోరిక, వెంటనే సరే అన్నారు.

అద్దెకి తీసుకున్నది 25 అడుగుల క్లాస్ సీ బండి. డ్రైవరు సీటు పైన ఒక పడక, వెనక ఒక పడక, మధ్యలో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, చిన్న బాత్రూమ్. అద్దె రోజుకి 139 డాలర్లు, బీమా ఇంకో 24. రోజుకి 100 మైళ్లు అద్దెలోనే వస్తాయి, పైన తిరిగే ప్రతి మైలుకీ 35 సెంట్లు. బండి వాసనొస్తే 250 డాలర్లు వసూలు చేస్తామని ఒప్పందంలో ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. మన వంటకి సంబంధించిన వాక్యం అదొక్కటే, దాన్ని వదలకండి. ఇంటి నుంచి ఇండక్షన్ పొయ్యి పట్టుకెళ్లాను. తాలింపు, వేపుడు ఏదైనా సరే బయట మడత బల్ల మీదే పెట్టాను. లోపల అన్నం, పప్పు, ఇడ్లీ తప్ప ఏమీ చేయలేదు. బండి చేతికిచ్చిన రోజు మావారు లోపలా బయటా ప్రతి మూలా వీడియో తీశారు. తిరిగి ఇచ్చినప్పుడు ఒక్క డాలరు కూడా పట్టుకోలేదు.

అమరిల్లో, ఆల్బకర్కీ, హోల్‌బ్రుక్: మూడు రాత్రులు, ఏ గొడవా లేదు. దారిలో పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో రాయిగా మారిపోయిన 20 కోట్ల ఏళ్ల పైబడిన చెట్ల మొద్దులు చూశాం. మా దగ్గర జాతీయ పార్కుల సీనియర్ పాస్ ఉంది కాబట్టి గేటు దగ్గర డబ్బులు కట్టక్కర్లేదు. ఈ పాస్ లేకుండా మాత్రం బయల్దేరకండి. అమెరికా పౌరులైనా గ్రీన్‌కార్డు ఉన్నా, 62 నిండితే చాలు, 80 డాలర్లకి జీవితాంతం పనికొస్తుంది. 2017 ఆగస్టు దాకా 10 డాలర్లే ఉండేది. అప్పట్లో రేపు కొందాం, ఎల్లుండి కొందాం అని ఊరుకున్నాం.

చాండ్లర్‌లో బండిని అబ్బాయి ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టుకుందాం అనుకున్నాం. సాయంత్రానికల్లా ఆ కాలనీ ఇళ్లవాళ్ల సంఘం (హెచ్‌ఓఏ) నుంచి ఈమెయిల్ వచ్చింది: సామాను ఎక్కించి దించుకోవడానికైతే 24 గంటలు, ఆ తర్వాత జరిమానా. అబ్బాయి మొహం చిన్నబోయింది. "నాన్నా, ముందే అడగాల్సింది నేను" అని పదిసార్లు అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆరు మైళ్ల అవతల 55 ఏళ్లు దాటినవాళ్ల పార్కులోకి మారాం, రాత్రికి 58 డాలర్లు. అది మా మేలుకే అయిందని ఇప్పుడు అనిపిస్తుంది. బయట 107 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా లోపల ఏసీ చల్లగా నడిచింది. ఆఫీసులో పెద్దావిడ రోజూ పలకరించి నీడ ఎక్కడ పడుతుందో చెప్పేది. అబ్బాయి ఇల్లు పన్నెండు నిమిషాలు. పగలంతా అక్కడ, రాత్రికి మా గూట్లో మేము. వియ్యపురాలుగారు రెండో రోజు తనూ వచ్చి బండి చూసి, వెనక పడక మీద అరగంట నడుం వాల్చి, "వదినగారూ, ఇది బాగుందండీ" అన్నారు. ఆవిడతో అంత తీరిగ్గా కూర్చుని మాట్లాడటం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

అక్షరాభ్యాసం ఇంట్లోనే. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లాణ్ణి వాళ్ల నాన్న ఒళ్లో కూర్చోబెట్టి, పురోహితుడుగారు వేలు పట్టుకుని "ఓం నమః శివాయ సిద్ధం నమః" రాయించారు. నాలుగేళ్లవాడు, బియ్యం ఎగరేయడమే వాడి ధ్యాస. పలక మీద ఒక్క గీత కూడా గీయనన్నాడు. కోడలు కాస్త నొచ్చుకుంది. నేనేమీ అనలేదు.

రెండు రోజుల తర్వాత గ్రాండ్ కాన్యన్‌కి బయల్దేరితే వాళ్లు ముగ్గురూ తమ కారులో వెనకే వచ్చారు. లోయ దక్షిణపు అంచున, సౌత్ రిమ్‌లో మేథర్ క్యాంప్‌గ్రౌండ్. అక్కడ చోట్లలో కరెంటు ఉండదు, నీటి గొట్టం ఉండదు. 30 అడుగులు మించిన బండికి చోటు ఇవ్వరు. సీనియర్ పాస్‌కి అద్దె సగం. దాదాపు 7,000 అడుగుల ఎత్తు కాబట్టి ఫీనిక్స్‌లో ఉడికిపోయిన మేము ఇక్కడ రాత్రి హీటరు వేసుకుని దుప్పట్లు కప్పుకున్నాం. పిల్లాడు పై పడక కావాలని ఏడ్చాడు, పడతాడని నేను ఒప్పుకోలేదు, నా పక్కనే పడుకోబెట్టుకున్నాను. పొద్దున ఆరింటికి లేచి చూస్తే చెట్ల మధ్య ఎల్క్ అనే పెద్ద దుప్పి ఒకటి మేస్తోంది. వాడు దాన్ని చూసి చూసి, కింద కూర్చుని, ఒక పుల్ల తీసుకుని మట్టిలో పెద్ద "అ" గీశాడు. కొంచెం వంకర. "నానమ్మా, అది అ" అన్నాడు. కోడలు పరుగెత్తుకొచ్చి ఫోటో తీసింది. ఆ పక్కనే అంత పెద్ద లోయ ఉంది, మేమంతా ఆ అక్షరం చుట్టూ నిలబడ్డాం.

వాళ్లు వెనక్కి, మేము పడమరకి. నీడిల్స్ దగ్గర కాలిఫోర్నియా వ్యవసాయ తనిఖీ కేంద్రం వస్తుంది. పళ్లు, మొక్కలు ఉన్నాయా అని అడిగారు. అబద్ధం చెప్పడం ఇష్టం లేక, మనవరాలి పులిహోర కోసం మా పెరటి కుండీ నుంచి కోసి తెచ్చిన కరివేపాకు చూపించాను. తీసేసుకున్నారు. కరివేపాకు నిమ్మ, నారింజ కుటుంబానికి చెందిన చెట్టు. నారింజ తోటల్ని చంపే తెగులును మోసే చిన్న పురుగు దీని మీద కూడా బతుకుతుంది. ఆ మాట అక్కడి తనిఖీ కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. తప్పు లేదు. మీరు మాత్రం కరివేపాకు అవతల కొనుక్కోండి, ఫ్రీమాంట్‌లో ఇండియన్ దుకాణాలకి కొదవ లేదు.

ఇక ఆ పార్కు. "పూర్తి హుకప్ (కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం), 30 ఆంపులు, నీడ" అని రాసి ఉంటే నెల ముందే డబ్బు కట్టాం. నీడ అన్నది ఒక ఎండిపోయిన చెట్టు. సాయంత్రం ఐదున్నరకి చేరాం, 106 డిగ్రీలు. ప్లగ్గు పెట్టి ఏసీ వేశాం. మూలిగినట్టు శబ్దం చేసి, పది నిమిషాలు తిరిగి ఆగిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. ఏడింటికి లోపల 97. నా తల తిరగడం మొదలైంది. మావారు నాకు తడి తువ్వాలు కప్పి ఆఫీసుకి వెళ్లారు. అక్కడున్నాయన కుర్చీలోంచి లేవకుండానే "మా కరెంటు బాగానే ఉంది, మీ బండి పాతది" అన్నాడట. వేరే చోటు ఇమ్మంటే అన్నీ నిండాయన్నాడు. మా కళ్ల ముందే ఆరు ఖాళీ.

పక్క బండిలో ఒరెగాన్ నుంచి వచ్చిన పెద్ద దంపతులున్నారు, ఏళ్ల తరబడి రోడ్డు మీదే కాపురమట. ఆయన తన మీటరు తెచ్చి మా ప్లగ్గు పెట్టెలో పెట్టి చూపించాడు. 120 ఉండాల్సిన వోల్టేజీ 97. అందరూ ఏసీలు వేసేసరికి పాత తీగలు తట్టుకోవడం లేదన్నాడు. వోల్టేజీ తగ్గితే ఏసీ మోటారు ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలిపోతుంది. తన బండికి ఉన్న రక్షణ పెట్టె 104 కన్నా తగ్గగానే సరఫరా ఆపేస్తుందని, అందుకే తను జెనరేటరు మీద బతుకుతున్నానని చెప్పాడు. ఆవిడ నాకు ఐసు నీళ్లు ఇచ్చి వాళ్ల బండిలో కూర్చోబెట్టింది. ఆ ఇద్దరి పేర్లు నా పుస్తకంలో రాసుకున్నాను, రోజూ తలుచుకుంటాను.

మావారు మీటరు ఫోటో తీసి మళ్లీ ఆఫీసుకి వెళ్లారు. అప్పటికి అక్కడ తాళం. అద్దం మీద "రాత్రి 10 తర్వాత జెనరేటరు వేయరాదు" అన్న కాగితం మాత్రం ఉంది. పదిన్నరకి తీగలూ గొట్టాలూ విప్పి బయల్దేరాం. 22 మైళ్ల అవతల ఒక ట్రక్కు స్టాపులో లారీల మధ్య బండి ఆపి, గంటకి 4 డాలర్ల లెక్కన ఐదు గంటలు జెనరేటరు నడిపాం. ఆ చప్పుడికి మావారికి నిద్ర లేదు.

పొద్దున ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏవండీ, ఈ స్థితిలో కొండ దారి వద్దు" అన్నాను. బేకర్స్‌ఫీల్డ్‌కి తెహచాపి కొండలు దాటి దిగాలి, గాలి ఎత్తు బండిని పక్కకి నెడుతుంది. తొమ్మిదిన్నర దాకా పడుకుని బయల్దేరాం. బేకర్స్‌ఫీల్డ్‌లో ఇంకో మూడు గంటలు ఆగక తప్పలేదు. ఆ సాయంత్రం ఆరున్నరకి బడిలో ఆఖరి ఏడాది పిల్లల బహుమతుల సభ. పిల్లకి బయాలజీలో బహుమతి. మేమొస్తామని ముందు వరసలో రెండు కుర్చీల మీద తన చున్నీ పరిచి పెట్టిందట. మేము ఫ్రీమాంట్ చేరింది తొమ్మిదింబావుకి. తలుపు తీసింది తనే. "పర్వాలేదు అమ్మమ్మా" అంది. పిల్ల మంచిది కాబట్టి అంది.

గ్రాడ్యుయేషన్ మర్నాడు సాయంత్రం, ఫుట్‌బాల్ మైదానంలో. ఒక్కో విద్యార్థికి ఆరు టికెట్లే. చేతిసంచీ పారదర్శకంగా ఉండాలి, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు, అమ్మాయి ముందే కొని ఉంచింది. మెట్ల వరసలకి వీపు ఆనించుకునే వీలు లేదు, పెద్దవాళ్లు మడత దిండు తీసుకెళ్లండి. పిల్ల పూర్తి పేరు ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా చదివారు. మావారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మోకాలి సంగతి మర్చిపోయి.

ఫ్రీమాంట్‌లో ఐదు రాత్రులు, 15 మైళ్ల దూరంలో ఒక పార్కులో, 70 డాలర్ల చొప్పున, శుభ్రంగా ఉంది. వెనక్కి వచ్చిన నాలుగు రోజుల్లో చెప్పుకోవాల్సిందేమీ లేదు.

లెక్క ఇదీ. 21 రోజుల అద్దె 2,919. బీమా 504. మొత్తం 3,840 మైళ్లు తిరిగాం, ఉచితం పోను 1,740 మైళ్లకి 609. గ్యాలన్‌కి ఎనిమిదిన్నర మైళ్లే ఇస్తుంది, పెట్రోలు 1,612. బసలకి 1,036. అన్నీ కలిపి 6,680 డాలర్లు, తిండి కాక. విమానం, హోటలు పెట్టుకున్నా ఇంతకన్నా తక్కువే అయ్యేది. డబ్బు ఆదా కోసమైతే ఆర్వీ వద్దు. మీ పడక, మీ వంట, మీ బాత్రూమ్ మీతో ఉండాలనుకుంటేనే తీసుకోండి. శుభకార్యానికి ఒక రోజు కాదు, రెండు రోజులు ముందు చేరేట్టు పెట్టుకోండి. ప్లగ్గు పెట్టే ముందు వోల్టేజీ చూడండి, చూశాకే సంతకం చేయండి.

పార్కు వాళ్లకి మూడు ఈమెయిళ్లు రాస్తే ఒక్క దానికీ జవాబు రాలేదు. మీటరు ఫోటోతో క్రెడిట్ కార్డు బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే 41 రోజులకి 84 డాలర్లు తిరిగొచ్చాయి. ఆ డబ్బుకి ఇంకో 205 కలిపి మావారు వోల్టేజీ రక్షణ పెట్టె కొన్నారు. వచ్చే వేసవిలో మనవరాలి తమ్ముడికి ఒడుగు. పెట్టె మా గరాజులో అల్మరా మీద ఉంది, దాని పక్కనే పిల్ల మాకోసం తీసి ఉంచిన ఆ సభ తాలూకు కార్యక్రమ కాగితం, తన పేరు కింద పెన్నుతో గీత గీసి.