క్రూసేడర్ కింగ్స్ 3: కూతురికి గద్దె దక్కాలంటే

మధ్యయుగంలో ఒక రాజవంశాన్ని తరతరాలుగా నడిపే కంప్యూటర్ గేమ్ ఇది, 2020లో వచ్చినప్పటి నుంచి ఆడుతున్నా. బరంపురంలో మా ఇంట్లో నేను లేవగానే లాప్‌టాప్ ముందు మా చెల్లెలు కూర్చుంటుంది. ఆడవాళ్లను చూపించే విషయంలో నేను ఆడిన స్ట్రాటజీ గేముల్లో ఇదే నిజాయితీగా ఉంది, నాకు ఎక్కువ కోపం తెప్పించిందీ ఇదే.

ఇందులో వివక్ష చట్టంగా, మత నియమంగా కళ్లెదుటే ఉంటుంది. చాలా మతాలకు మొదట్లో పురుషాధిక్యమే. రాజు కూతురు ఎంత తెలివైనదైనా తమ్ముడు పుట్టగానే వారసత్వం వాడిది, ఆమె పొత్తు కోసం ఏదో రాజ్యానికి కోడలుగా వెళ్లాలి. ఒకవేళ గద్దె ఎక్కినా ఆడది ఏలుతోందన్న ఒక్క కారణానికే సామంతులు ముఖం మాడ్చుకుంటారు, వాళ్ల అయిష్టం ఎంతో మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. వారసత్వ చట్టం మార్చాలన్నా, మతంలో కొత్త శాఖ పెట్టాలన్నా తరాలు పట్టొచ్చు. ఆ పోరాటమే నన్ను ఇన్నాళ్లు ఆడించింది. ఇదంతా వద్దనుకుంటే మొదట్లోనే సమానత్వం రూల్ పెట్టుకోవచ్చు, మా చెల్లెలు అలాగే ఆడుతుంది. ఇంట్లో వినేది చాలదా అంటుంది, నిజమే.

నా కోపమల్లా ఇంగ్లండ్‌కీ మన కళింగకీ దాదాపు ఒకే అచ్చు గుద్దినందుకు. ఒడిశాను ఏలిన భౌమకరుల్లో చివరికి గౌరీ, దండి, వకుళ, ధర్మ మహాదేవి అనే నలుగురు రాణులు వరసగా రాజ్యం చేశారు, దండి మహాదేవి రాగిరేకులు మా గంజాం వైపే దొరికాయి. అటు ఓరుగల్లులో రుద్రమదేవి ఉండనే ఉంది. 2018లో టోటల్ వార్: రోమ్ 2 అనే ఇంకో స్ట్రాటజీ గేములో ఆడ సేనానులు కనిపిస్తే చరిత్రను పాడుచేశారని గోల చేసిన వాళ్లకు ఈ చరిత్ర ఎవరు చెప్పాలి?

ఇంకో లోటు, గద్దె లేని ఆడవాళ్లకు చేయడానికి పెద్దగా పని ఉండదు. రాణులు తెర వెనక నడిపిన రాజకీయం అంతా పెళ్లి సంబంధాలు, కుట్రలకే కుదించుకుపోయింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే పాత స్ట్రాటజీ గేమ్ కంటే మాత్రం ఇది చాలా నయం, అందులో ఆడవాళ్లు పొలం దున్నుతారు, కట్టెలు కొడతారు, సైనికుల్ని తయారుచేసే బ్యారక్స్ నుంచి వచ్చేది మాత్రం దాదాపు అందరూ మగవాళ్లే.

కొత్తగా ఆడేవాళ్లు రూల్స్ మార్చకుండా ఒక్క కూతురినైనా గద్దె దాకా తీసుకెళ్లి చూడండి, దానికి డీఎల్‌సీలు (విడిగా అమ్మే అదనపు భాగాలు) ఏవీ కొనక్కర్లేదు.