లుటీషియం థెరపీ: మా నాయనకు చేయించాక నా అభిప్రాయం

మాది చిత్తూరు. నాయనకు పేగులో న్యూరోఎండోక్రైన్ గడ్డ (హార్మోన్లు వదిలే కణాల్లో పుట్టే క్యాన్సర్) ఉందని, అది కాలేయానికీ పాకిందని తేలాక లుటీషియం డోటాటేట్ అనే రేడియోధార్మిక మందు రాశారు. వేలూరులో చేయించాం.

ఈ మందు పనిచేసే తీరే గొప్ప. ఇలాంటి గడ్డల కణాల పైన సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్లు బాగా ఎక్కువ. వాటినే వెతికి పట్టుకునే 8 అమైనో ఆమ్లాల బుల్లి పెప్టైడ్‌కు రేడియేషన్ వదిలే లుటీషియం-177 తగిలిస్తారు. పెప్టైడ్ అతుక్కోగానే కణమే దాన్ని లోపలికి లాక్కుంటుంది. గడ్డను చంపే బీటా రేడియేషన్ దాదాపు 2 మిల్లీమీటర్ల లోపే ఆగిపోతుంది. కీమోకు భయపడి వద్దన్న నాయన దీనికి ఒప్పుకున్నది అందుకే. 229 మంది రోగులపై పరీక్షించాక 2018లో అమెరికా అనుమతిచ్చింది. మన ముంబైలోని ట్రాంబే రియాక్టర్‌లోనూ లుటీషియం తయారుచేస్తారు.

అయితే అందరికీ కాదు. ముందు ఆ రిసెప్టర్లు ఎక్కడున్నాయో చూపే గాలియం స్కాన్ తీస్తారు. అందులో గడ్డలు స్పష్టంగా కనిపిస్తేనే ఈ వైద్యం, లేదంటే డబ్బు దండగ.

సీసం డబ్బాలో వచ్చిన ఇంజెక్షన్‌తో ఏ ఇబ్బందీ లేదు. నాయన్ను ఏడిపించింది పక్కనున్న సెలైన్. పెప్టైడ్ కిడ్నీల్లోనూ చేరుతుంది కాబట్టి, వాటిని కాపాడడానికి లైసిన్, ఆర్జినిన్ కలిపిన ద్రవం అరగంట ముందే మొదలుపెట్టి గంటల తరబడి ఎక్కించారు. కడుపులో తిప్పి ఒకటే వాంతులు. మందు పడలేదేమోనని అమ్మ ఏడ్చేసింది. ‘సెలైన్ వల్లేమ్మా, ఆగిపోతాయి’ అని నర్సు చెప్పింది గానీ, ఆ మాట ముందే చెప్పాల్సింది. నాకు నచ్చని విషయం ఇదొక్కటే. రెండో డోసుకు వాంతుల ఇంజెక్షన్ ముందే వేయమని అడిగాం, చాలా నయమైంది.

గడ్డలు మాయం కాలేదు, పెరగడం ఆగింది. గడ్డలు వదిలే హార్మోన్ల వల్ల వచ్చే ముఖం ఎర్రబారడం, విరేచనాలు బాగా తగ్గాయి. బాత్రూమ్ భయంతో బస్సెక్కని మనిషి ఇప్పుడు కాణిపాకం పోయి వస్తున్నాడు. నా మటుకు ఇది చాలా పెద్ద ఫలితం.

చేయించుకునేవాళ్లు ఇంట్లో చిన్నపిల్లలుంటే కొన్నాళ్లు దూరంగా ఉంచండి, నీళ్లు బాగా తాగించండి. 8 వారాలకొకటి చొప్పున 4 డోసులు. లుటీషియం శక్తి వారంలోపే సగానికి పడిపోతుంది, డోసు ఆ తేదీకే తెప్పిస్తారు. జాతరనో పెళ్లనో చివరి నిమిషంలో డోసు వాయిదా వేయొద్దు.